గోబీ అంటే మంచూరియా కాదు!

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సముద్రం అడుగున నారింజ రంగులో మెరిసే 'గాడ్జిల్లా గోబీ' అనే చేప ఉందట, చూపించమని ఒకటే గొడవ. బీచ్ రోడ్డులో అక్వేరియంకి తీసుకెళ్తే లేదు. అది మన వైపు దొరుకుతుందా? అంత లోతులో ఆ రంగు దేనికి? ఇంట్లో ట్యాంకులో పెంచొచ్చా?
– ఒక తల్లి, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: అది కరీబియన్ చేపండీ, కురసావ్ దీవి దగ్గర దొరికింది. 2016లో దానికి వేరికస్ లాసెర్టా అని పేరు పెట్టారు, లాటిన్‌లో లాసెర్టా అంటే బల్లి. పెద్ద తల, వెనక్కి వంకీ తిరిగిన పళ్ళ వరసలు చూసి, సినిమాల్లోని రాకాసి బల్లి పేరుతో గాడ్జిల్లా అన్నారు గానీ, తీరా చూస్తే అరచేతిలో పట్టేస్తుంది.

ఉండేది 129 నుంచి 143 మీటర్ల లోతులో. మన ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు కదా, దాన్ని నీళ్ళలో నిలువునా దింపినా ఇంకో 38 మీటర్లు కిందికి పోతే గానీ ఈ చేప కనబడదు. రుషికొండలో నేర్పే స్కూబా లాంటిది మామూలుగా 40 మీటర్లు దాటదు. పోనీ వల వేద్దామా అంటే అడుగంతా రాళ్ళు, వల చిరుగుతుంది, చిరక్కపోయినా ఇంత చిన్న చేప వల కన్నుల్లోంచి జారిపోతుంది. అందుకే కురాసబ్ అనే చిన్న సబ్‌మెరైన్‌లో దిగి, మత్తుమందు చల్లి, గొట్టంతో పీల్చి పట్టారు!

ఇక రంగు. నీళ్ళలో దిగేకొద్దీ ఎండలోని ఎరుపు ముందు ఆరిపోతుంది, ఆ తర్వాత నారింజ, చివరికి మిగిలేది నీలమే. నారింజ వెలుతురే లేనిచోట నారింజ చేప మసక బూడిదగానే ఉంటుంది, ఫొటోల్లోని మెరుపంతా సబ్‌మెరైన్ లైట్ల పుణ్యం.

మీవాడికి గోబీని చూపించడమే కావాలంటే, చేపలమ్మే ఆవిడను ఇసుకదొందులు ఉన్నాయేమో అడగండి. అదీ గోబీయే. తిప్పి పొట్ట చూస్తే రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా ఉంటాయి, చాలా గోబీలు దాంతోనే రాయిని పట్టుకుని నిలబడతాయి. గాడ్జిల్లాకి మాత్రం అవి విడివిడిగా, ఈకల్లా చీలి ఉంటాయి, ఒంటి మీద పొలుసులు కూడా లేవు.

ట్యాంకు మాటంటారా, లోతు నీళ్ళ చేప మన హాల్లో ఏం బతుకుతుంది? ఇసుకదొందునైనా గప్పీలున్న ట్యాంకులో వేయకండి, తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు.