డీఎన్‌ఎస్‌లో చిరునామా మార్చినా అప్లికేషన్ పాత సర్వర్‌కే ఎందుకు వెళ్తోంది?

డీఎన్‌ఎస్‌లో (సర్వర్ పేరుకు ఐపీ చిరునామా చెప్పే వ్యవస్థ) చిరునామా మార్చి, టీటీఎల్ (పాత జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు) ముగిసి గంటలు గడిచినా మీ అప్లికేషన్ పాత సర్వర్‌నే పట్టుకుని వేలాడుతోందని, ఇది డీఎన్‌ఎస్ లోపమా అని అడిగారు. కానే కాదని అనుభవం మీద చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక డేటాబేస్‌ను కొత్త యంత్రానికి తరలించే పని నా మీద పడింది. రెండు రోజుల ముందే టీటీఎల్‌ను 86,400 సెకన్ల నుంచి 300కు తగ్గించి, అర్ధరాత్రి పాత యంత్రంలో రాతలు నిలిపివేసి, డీఎన్‌ఎస్ రికార్డు మార్చి, ఎక్కడి నుంచి అడిగినా కొత్త చిరునామాయే వస్తోందని చూసుకుని నిద్రపోయాను. తెల్లవారేసరికి కొత్తగా నమోదు కావలసిన వివరాల్లో సగం తిరస్కరణకు గురవుతున్నాయి. పాత యంత్రంలో నెట్‌స్టాట్ (తెరిచి ఉన్న కనెక్షన్లను చూపే ఆదేశం) నడిపితే, డేటాబేస్ వాడే 5432 పోర్టు మీద ‘ఎస్టాబ్లిష్డ్’ అన్న వరుసలు తెర నిండా పరుచుకున్నాయి. అవన్నీ అప్లికేషన్ తన పూల్‌లో (మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల నిల్వ) ఎన్నాళ్ల నుంచో తెరిచి ఉంచుకున్న కనెక్షన్లు.

పేరుతో పని కనెక్షన్ తెరిచే ముందు వరకే. ఆ తర్వాత కనెక్షన్‌ను నడిపే టీసీపీ ప్రోటోకాల్‌కు తెలిసినవి రెండు వైపుల ఐపీ చిరునామాలు, రెండు పోర్టు సంఖ్యలు మాత్రమే. రౌటర్లయితే ప్యాకెట్ మీదున్న గమ్యం చూసి ముందుకు తోస్తాయే తప్ప, అది ఏ సంభాషణలోదో పట్టించుకోవు. అందుకే దారి మధ్యలో మారినా కనెక్షన్ నిలుస్తుంది గానీ, పేరు కొత్త చోటుకు మారిన సంగతి దాని చెవిన పడదు.

పేరు మనకు ఏది కావాలో, చిరునామా అది ఎక్కడుందో, మార్గం అక్కడికెలా చేరాలో చెబుతాయని నెట్‌వర్క్ పరిశోధకుడు జాన్ షోచ్ 1978లోనే విడదీసి చూపాడు. అయినా ఐపీ చిరునామాకు ‘ఎవరు’, ‘ఎక్కడ’ అనే రెండు బరువులూ మోపాం. నెట్‌వర్క్ పాఠాల్లోని ఏడు పొరల (ఓఎస్‌ఐ) నమూనాలో సెషన్‌కు, అంటే కొనసాగే సంభాషణకు, అయిదో పొర ఉందని పరీక్షల్లో రాయించుకుంటారు. ఇంటర్నెట్‌లో ఆ పొర ఎక్కడుందో చూపమంటే మాత్రం కుకీలు, టోకెన్లు, పూల్‌లు అంటూ ఎవరి అతుకు వారు చూపుతారు. 2021లో ప్రమాణమైన ‘క్విక్’ అనే కొత్త ప్రోటోకాల్, కనెక్షన్‌కు సొంత గుర్తింపు సంఖ్య ఇచ్చింది, నిజమే. కానీ అది వైఫై నుంచి మొబైల్ డేటాకు మారే వినియోగదారుడిని కాపాడుతుంది, సర్వర్‌ను తరలించే నాలాంటి వాడిని కాదు.

ఆ ఉదయం పాత యంత్రంలోని కనెక్షన్లను నేనే తెంచేశాను. పూల్ మళ్లీ పేరు అడిగింది, నిమిషంలో అన్నీ కొత్త యంత్రానికి చేరాయి. మీరూ ముందు ఆ పని చేసి, ఆపై పూల్‌లో కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షును అరగంటకు కుదించండి.