డాబా మీద నుంచి గ్రహాల వేట

చి. అమ్మాజీకి,

దూరపు నక్షత్రం ముందు నుంచి దాని గ్రహం వెళ్లేటప్పుడు తగ్గే వెలుగును కొలవడం, అంటార్కిటికాలో చేసినట్టు, మన కోనసీమలో కుదురుతుందా అని అడిగావు. కుదురుతుందమ్మా, గ్రహాన్ని చూసి ఎంచుకుంటే.

అక్కడ డోమ్ సి అనే మంచు గుట్ట మీద, కాంకోర్డియా పరిశోధన కేంద్రం దగ్గర, 2010 నుంచి అస్టెప్ అనే 40 సెంటీమీటర్ల టెలిస్కోపు ఉంది. 75 డిగ్రీల దక్షిణ అక్షాంశం కావడంతో చలికాలంలో సుమారు మూడు నెలలు సూర్యుడు ఉదయించడు. పది రోజులకోసారి నక్షత్రానికి అడ్డొచ్చే గ్రహమైనా వాళ్లకు చిక్కుతుంది. మనకైతే అది వరసగా పగళ్లలోనే పడి సీజనంతా పోవచ్చు. అందుకే తొందరగా తిరిగే గ్రహం కావాలి.

వాస్ప్-43 అనే నక్షత్రం చుట్టూ తిరిగే వాస్ప్-43బి గ్రహాన్ని పట్టుకో. 19 గంటల 31 నిమిషాలకో చుట్టు. తెల్లవారుజామున రెండింటికి అడ్డొస్తే, ఆ రాత్రే తొమ్మిదిన్నరకు మళ్లీ వస్తుంది. ఫిబ్రవరిలో మఘకు సుమారు 22 డిగ్రీలు దక్షిణంగా వెతుకు. నక్షత్రం ప్రకాశ పరిమాణం 12.4 (అంకె పెరిగేకొద్దీ మసక), నీ 8 అంగుళాల టెలిస్కోపు చాలు. వెలుగు దాదాపు రెండున్నర శాతం తగ్గుతుంది, గంటా పది నిమిషాలపాటు.

గంట ముందే మొదలుపెట్టి, అయ్యాక ఇంకో గంట తీయి. వెలుగు గ్రాఫులో అటూ ఇటూ చదునైన గీత లేకపోతే మధ్యలోని పల్లం లోతు కొలవలేం. ఫోకస్ కాస్త చెదరగొట్టి, 60 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో నక్షత్రం 30,000 కౌంట్లు (కెమెరా వెలుగును లెక్కించే అంకెలు) దాటకుండా చూడు. ఆ తర్వాత దేన్నీ ముట్టుకోవద్దు. టెలిస్కోపును మోసే మౌంటు మధ్యలో ఇటు నుంచి అటు తిరగబడితే గీతలో మెట్టు పడుతుంది, ఆ వేళ తప్పించు. లాప్‌టాప్ గడియారాన్ని ముందే ఇంటర్నెట్‌తో సరిచూడు.

మనకు అసలు శత్రువు రాత్రి కురిసే మంచు. చెరువుల గాలికి అద్దానికి చెమ్మ పట్టి, నక్షత్రాలు మసకబారతాయి. అన్నీ ఒకేలా మసకబారకపోతే, గ్రహం అడ్డొచ్చినట్టే పల్లం కనిపించవచ్చు. అచ్చంగా మోసం! అందుకే పోల్చి చూడడానికి, దగ్గరి రంగు, వెలుగు ఉన్న మూడు నాలుగు నక్షత్రాలను మన నక్షత్రం చుట్టూ ఎంచుకో. వాటి విడి కౌంట్లు కూడా చూడు. అవీ ఏకధాటిగా పడిపోతుంటే అది చెమ్మో, గడ్డి కాల్చిన పొగో. అద్దాన్ని వెచ్చగా ఉంచే హీటర్ పట్టీ సాయంత్రమే కట్టు, తడిశాక కట్టి లాభం లేదు. గుడ్డతో మాత్రం తుడవొద్దు, అద్దానికి గీతలు పడతాయి.

బాగా రాని రాత్రుల ఫైళ్లు కూడా చెరపకుండా పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న