పెట్రోలు ఖర్చు తగ్గాలని కారు మార్చాలా?

ప్రశ్న: ఉప్పల్ నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు ఏడేళ్ల నాటి పెట్రోలు కారులో వెళ్తాను. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 16 ఇచ్చే కారు ఇప్పుడు 13 దాటడం లేదు. జీతం 62 వేలు, ఖర్చులు 48 వేలు, బ్యాంకులో 40 వేలున్నాయి. కారును ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చి సీఎన్‌జీ కారు కొనాలనుకుంటున్నాను. 6 లక్షలు కారు లోన్ (10 శాతం, 5 ఏళ్లు), డౌన్‌పేమెంట్‌కి 1.5 లక్షలు పర్సనల్ లోన్ (15 శాతం, 3 ఏళ్లు) తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. లీటరు 107 రూపాయలనుకుంటే మీ పెట్రోలు బిల్లు నెలకు సుమారు 9,900. మీరు నెత్తికెత్తుకోబోయే రెండు ఈఎంఐలు కలిపి 17,950. పెట్రోలు ఖర్చు మొత్తం సున్నా అయిపోయినా నెలకు ఇంకో 8 వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. పైగా సీఎన్‌జీ ఊరికే రాదు. మైలేజీ పడిపోయిందని అప్పు చేసి కారు మార్చేవాళ్లు ఈ కూడిక, తీసివేత చేసి చూడరు. డౌన్‌పేమెంట్‌కి కూడా పర్సనల్ లోన్ కావాల్సి వచ్చిందంటే ఆ కారు కొనే స్తోమత ఇంకా రాలేదనే అర్థం.

ముందు 13 నిజమో కాదో తేల్చుకోండి. నాజిల్ తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి.

తర్వాత టైర్లు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని పట్టించుకోవద్దు. పదిహేను రోజులకోసారి, బండి కదలకముందు టైరు చల్లగా ఉన్నప్పుడే చూడండి. చాలా దూరం నడిపి బంకులో చూపిస్తే వేడికి ప్రెషర్ ఎక్కువ చూపుతుంది, అసలు గాలి తక్కువే ఉంటుంది. డ్రైవ్ అయ్యాక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తుండొచ్చు. అది డిస్క్ బ్రేకు అయితే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించండి. ఇంజిన్ ఆయిల్ హ్యాండ్‌బుక్‌లోని గ్రేడే వాడండి, చిక్కటిది పోస్తే మైలేజీ తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాల్సిందే కానీ ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో దాని వల్ల మైలేజీ పెద్దగా పెరగదు.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందనుకుంటారు. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా పోస్తూనే ఉండాలి, పైగా ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది. క్లచ్ మీద కాలు ఆనించి నడపొద్దు. ముందు ఎర్ర లైటు కనిపిస్తే అక్కడిదాకా యాక్సిలరేటర్ తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు వేయడం మానండి.

ఇవన్నీ చేసి 15కి వచ్చినా నెలకు 1,300 మిగులుతుంది. నాకు అసలు బెంగ మీ 40 వేల గురించి. ఉద్యోగం పోతే నెల కూడా గడవదు. ఆరు నెలల ఖర్చు అంటే 2,88,000 పక్కన ఉండాలి. నెలనెలా మిగిలే 14 వేలకు ఈ 1,300 కలిపి వేరే ఖాతాలో వేయండి, ఉన్న 40 వేలతో కలిపి సుమారు 16 నెలల్లో అది సమకూరుతుంది. ఆఫీసు ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే సొంత పాలసీ కూడా తీసుకోండి. పాత కారుకే సీఎన్‌జీ కిట్ పెట్టించాలంటే ఆ నిధి నిండాకే, అదీ సొంత డబ్బుతో. ఆర్‌సీలోనూ బీమా పాలసీలోనూ తప్పక నమోదు చేయించండి.