మిరపకాయల్లో మందు వెతికే ల్యాబ్‌లో నాలుగేళ్ళు

అడిగిన ప్రశ్న: కెమిస్ట్రీ ప్రొఫెసర్లు తిండిలో, నేలలో, నీళ్ళలో ఉన్న విషాల మీద పరిశోధన చేస్తున్నామంటారు. రోజంతా అసలు ఏం చేస్తారు? మనలాంటి వాళ్ళకి దానివల్ల ఏమైనా ఒరుగుతుందా?

అలాంటి ఒక మేడమ్ దగ్గర నేను నాలుగేళ్ళు పీహెచ్‌డీ చేశాను. ఎండుమిర్చిలో పురుగుమందుల అవశేషాలు, బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్లనే విషాలు మా సబ్జెక్టు. పెద్ద మెషీన్ ముందు తెల్లకోటు వేసుకుని కూర్చుంటామని చుట్టాలందరూ అనుకునేవాళ్ళు. నా మొదటి ఆరు నెలలూ మిక్సీ ముందు, తుమ్ముతూ గడిచాయి.

పని ఇలా ఉంటుంది. 2 గ్రాముల కారం గొట్టంలో వేసి నీళ్ళతో నానబెడతాం. మందుని బయటికి లాగే అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి, ఉప్పు, మెగ్నీషియం సల్ఫేట్ వేసి గట్టిగా ఊపుతాం. మెగ్నీషియం సల్ఫేట్ నీళ్ళు పీల్చుకునేటప్పుడు గొట్టం చేతిలోనే వేడెక్కిపోతుంది, అందుకని పక్కన ఐసు పెట్టుకోవాలి. 2003లో వచ్చిన ఈ పద్ధతిని క్వెచర్స్ అంటారు. దోసకాయకైతే హాయిగా పనిచేస్తుంది. మిర్చి దగ్గరకొచ్చేసరికి మందుతో పాటు ఎరుపంతా దిగిపోతుంది. ఆ రంగు తీయడానికి కార్బన్ పొడి వేస్తే, అది బల్లపరుపు అణువులుండే కొన్ని మందుల్ని కూడా మింగేస్తుంది. అంటే కాయలో మందు ఉన్నా రిపోర్టులో కనబడదు. ఎంత కార్బన్ వేస్తే రంగు పోయి మందు మిగులుతుందో తేల్చడానికే నాకు ఒక ఏడాది పట్టింది.

పోల్చి చూడటానికి అసలు మందు తగలని కాయలు కావాలి. నేను గొప్పగా మా అమ్మమ్మ పెరట్లో కాయలు తెచ్చాను. వాటిలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కనబడింది! మేడమ్ నన్ను ఏమీ అనలేదు. "జార్ కడిగి, బియ్యం ఆడించి, ఆ పిండి పెట్టి చూడమ్మా" అన్నారు. బియ్యప్పిండిలో ఏమీ రాలేదు. అంటే మిక్సీ జార్‌ది తప్పు కాదు, మందు కాయల్లోనే ఉంది. అమ్మమ్మకి ఫోన్ చేస్తే, "మనం చుక్క కూడా కొట్టలేదే అమ్మాయ్, పక్క చేలో పత్తికి కొడుతుంటే మాత్రం ఇల్లంతా కంపు" అంది. "సహజంగా పండించాం" అని ఎవరైనా చెబితే, పక్క పొలంలో ఏం వేశారని నేను ఇప్పటికీ అడుగుతాను.

అన్నిటికన్నా కష్టం మెషీన్ పని కాదు, శాంపిల్ తీయడం. అఫ్లటాక్సిన్ విషయంలో మరీను. యూరప్ మిర్చికి పెట్టిన హద్దు మొత్తం అఫ్లటాక్సిన్లు కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు, అంటే 100 టన్నుల్లో ఒక్క గ్రాము. మన దేశంలో మసాలా దినుసులకి 30. ఇంత కొంచెమైనా బస్తా అంతటా సమంగా ఉంటే కొలవచ్చు. అలా ఉండదు. పల్లీలనే తీసుకోండి, కిలోకి లక్షల మైక్రోగ్రాముల లెక్కన విషం పట్టిన గింజలు దొరికిన సందర్భాలున్నాయి. 5 లక్షల లెక్కన ఉన్న అర గ్రాము గింజ ఒక్కటి 25 కిలోల్లో పడితే చాలు, సగటు 10కి చేరుతుంది. మీరు తీసిన గుప్పెట్లో ఆ గింజ రాకపోతే సరుకు భేష్, వస్తే సరుకంతా తిరస్కారం. నేను ఒకసారి బద్ధకించి టిక్కీ (మిర్చి బస్తా) పైపైన కాయలు తీసుకొచ్చాను. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. మేడమ్ అదే టిక్కీని కింద దాకా విప్పించి, చెమ్మగా ఉన్న అడుగు కాయలు తీయించారు. అంకె ఒక్కసారిగా పైకి పోయింది. కాయ విరగకుండా, బరువు తూగేలా బస్తాలకెత్తే ముందు నీళ్ళు చల్లే అలవాటు కొందరికుంది, బూజుకి ఆ చెమ్మ చాలు. కల్లంలో కాయలెండే రోజుల్లో వాన పడినా అంతే.

ఇక మీ రెండో ప్రశ్న. కడిగితే పైనున్న మందు కొంత పోతుంది, మొక్క లోపలికి ఇంకిపోయే రకం మందు మాత్రం పోదు. అఫ్లటాక్సిన్ వంట వేడికి పూర్తిగా నాశనం కాదు, వేయించినా కొంత మిగిలే ఉంటుంది. ఇవి చెప్పినా జనం అంతగా పట్టించుకోరు. అందరూ అడిగేది వాట్సాప్‌లో తిరిగే గ్లాసు నీళ్ళ పరీక్ష గురించే. నీళ్ళలో కారం వేస్తే రంగు దిగలేదు కాబట్టి కల్తీ లేదంటారు. 2003లో యూరప్‌లో గగ్గోలు పుట్టించింది, 2005లో బ్రిటన్‌లో వందల రకాల సరుకుల్ని షాపుల్లోంచి వెనక్కి తెప్పించింది, కారం ఎర్రగా కనబడ్డానికి కల్తీ చేసే సుడాన్ రంగు. అది నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. గ్లాసు నీళ్ళలో దానికోసం చూడటం దండగ. పోనీ నూనెలో వేసి చూద్దామంటే మిరపకాయ సొంత ఎరుపూ నూనెలోకే దిగుతుంది, ఏది ఏదో కంటికి తెలియదు. ల్యాబ్ ఉన్నది అందుకే.

అంత చదివి ఇంట్లో నేను చేసేది చాలా చిన్న పని. కారం పొడి కొనను, కాయలు కొని తొడిమ దగ్గర విరిచి లోపల నల్లగా, బూడిదగా ఉందేమో చూసి పట్టిస్తాను. పల్లీలు చాటలో పోసి ముడతపడ్డవి, రంగు మారినవి, పగిలినవి ఏరి పారేస్తాను, కిలోకి గుప్పెడు పోయినా సరే. వేయించక ముందే ఏరాలి. వేగి ఎర్రబడ్డాక బూజు మచ్చ కనబడదు.