హెచ్‌బీసీయూ నుంచి ఫుట్‌బాల్ ఆఫర్ వచ్చింది... మా అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. పదేళ్లుగా జార్జియాలోని కమ్మింగ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడేవాడు, ఇప్పుడు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో కిక్కర్, అంటే బంతిని కాలితో కొట్టి పాయింట్లు తెచ్చేవాడు. వేసవి క్యాంపులో వాడి ఆట చూసిన ఒక హెచ్‌బీసీయూ (చారిత్రకంగా నల్లజాతీయుల కోసం ఏర్పడిన కాలేజీ) కోచ్, సెప్టెంబరులో 'నీకు ఆఫర్ ఇస్తున్నాం' అని మెసేజ్ పెట్టారు. ఆ కాలేజీ స్వాక్ కాన్ఫరెన్స్‌లో (దక్షిణాది హెచ్‌బీసీయూల లీగ్) ఆడుతుంది. జీపీఏ 3.8, కంప్యూటర్ ఇంజనీరింగ్ చదవాలని వాడి కోరిక. మాది హెచ్1బీ, వాడిది హెచ్4. బంధువులేమో 'అమెరికా వెళ్లి నల్లవాళ్ల కాలేజీలో చేరుస్తారా' అంటున్నారు. అక్కడ మన పిల్లల్ని తీసుకుంటారా? ఈ ఆఫర్‌ని నమ్మవచ్చా? కోచ్‌ని ఏం అడగాలి? వాడు ఆనందంలో ఉన్నాడు, మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బంధువుల మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అబ్బాయి చెవిన పడేది కూడా అదే. తన ఆట చూసి ఒక కాలేజీ పిలిస్తే ఇంట్లో వాళ్లు ఆ కాలేజీని చిన్నచూపు చూస్తున్నారని పిల్లవాడికి అర్థమైతే, ఆ బాధ చాలాకాలం ఉంటుంది. దయచేసి ఆ మాట ఇంట్లో ఇంకోసారి రానివ్వకండి.

1964కి ముందు, నల్లజాతీయుల చదువు కోసమే ప్రధానంగా ఏర్పడిన కాలేజీలను అమెరికా 1965 నాటి ఉన్నత విద్యా చట్టంలో 'హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్', అంటే హెచ్‌బీసీయూ అనే పేరుతో గుర్తించింది. ఇవి దేశంలో వంద దాకా ఉన్నాయి. వేరే కాలేజీలు గేటు దగ్గరే ఆపేసిన రోజుల్లో ఒక జాతి మొత్తం డాక్టర్లను, టీచర్లను, లాయర్లను తయారుచేసుకున్నది ఇక్కడే. అయితే ఇవి ఎవరినీ గేటు బయట నిలబెట్టలేదు. ఇప్పుడు వీటిలో చదివేవారిలో దాదాపు నాలుగో వంతు మంది నల్లజాతీయులు కానివారు. కాబట్టి మీ అబ్బాయిని తీసుకుంటారా అన్న సందేహమే అక్కర్లేదు.

మీ ఊరికి దగ్గర్లోనే, అట్లాంటాలో మోర్‌హౌస్ కాలేజీ ఉంది. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. ఆయన చదివిన రోజుల్లో ప్రెసిడెంటుగా ఉన్న బెంజమిన్ మేస్, ఆ పదవికి రాకముందు 1936-37లో మన దేశం వచ్చి గాంధీజీతో కూర్చుని అహింస గురించి మాట్లాడి వెళ్లారు. బంధువులకు చెప్పాల్సి వస్తే ఇది చెప్పండి. చదువు సంగతి అడిగితే, నార్త్ కరోలినా ఎ అండ్ టి ఇంజనీరింగ్‌కి పేరున్న యూనివర్సిటీ. హోవర్డ్‌కి 2025లో పరిశోధనలో అత్యున్నత స్థాయి అయిన ఆర్1 గుర్తింపు వచ్చింది.

ఇక ఆట. నల్లజాతి కాలేజీల మధ్య మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ 1892 డిసెంబరులో నార్త్ కరోలినాలోని సాలిస్‌బరీలో జరిగింది. దక్షిణాదిలోని పెద్ద యూనివర్సిటీలు 1960ల చివరి దాకా నల్లజాతి ఆటగాళ్లను టీముల్లోకి రానివ్వలేదు. ఆ పెద్ద యూనివర్సిటీల లీగ్ అయిన ఎస్ఈసీ కాన్ఫరెన్స్‌లో ఒక నల్లజాతి కుర్రాడు మొదటిసారి మైదానంలో దిగింది 1967లో, కెంటకీ తరఫున. అప్పటిదాకా ఆ ప్రాంతంలోని అద్భుతమైన నల్లజాతి ఆటగాళ్లలో చాలామంది ఈ హెచ్‌బీసీయూల్లోనే ఆడారు. గ్రాంబ్లింగ్‌లో ఎడ్డీ రాబిన్సన్ కోచ్‌గా 408 మ్యాచ్‌లు గెలిచారు. జాక్సన్ స్టేట్ నుంచి వాల్టర్ పేటన్, మిసిసిపి వ్యాలీ స్టేట్ నుంచి జెర్రీ రైస్ వచ్చారు. తలుపులు తెరుచుకున్నాక పెద్ద యూనివర్సిటీలు డబ్బుతో, స్టేడియాలతో అవే ఊళ్ల పిల్లల్ని తీసుకెళ్లిపోయాయి. ప్రొఫెషనల్ టీములు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో 2021లో ఈ కాలేజీల నుంచి ఒక్కరు కూడా ఎంపిక కాలేదు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, మీ అబ్బాయికి మెసేజ్ పెట్టిన కోచ్ పరిస్థితి మీకు తెలియాలి. ఆయనకి సిబ్బంది తక్కువ, బడ్జెట్ తక్కువ. పెద్ద యూనివర్సిటీల కళ్లు పడని చోట్ల ప్రతిభ వెతకడమే ఆయన పని. సాకర్ నుంచి వచ్చిన, మంచి మార్కులున్న కిక్కర్ ఆయనకి నిజంగా పనికొస్తాడు. మార్కులు తక్కువైతే ఆటగాడు ఆడటానికి అర్హత కోల్పోతాడు, ఆ భయం లేని కుర్రాడంటే కోచ్‌లకు నిశ్చింత. కాబట్టి ఆయన మాట ఉత్తదే అనుకోకండి. అలాగని అదే ఖాయం అనీ అనుకోకండి.

ఎందుకంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో, పన్నెండో తరగతిలో అడుగుపెట్టే ఏడాది ఆగస్టు 1కి ముందు ఏ కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఆఫర్‌ని కాగితం మీద ఇవ్వకూడదు. స్వాక్ డివిజన్ 1 కిందికే వస్తుంది. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది నోటి మాట. దానికి కోచ్ కట్టుబడి ఉండనక్కర్లేదు, మీరూ ఉండనక్కర్లేదు. సంతకాలు పన్నెండో తరగతి డిసెంబరులో మొదలవుతాయి. ఇంతకుముందు ఆ కాలేజీలోనే చేరతానని ఆటగాడు సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒక పత్రం ఉండేది, 2024 అక్టోబరులో దాన్ని తీసేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది ఆర్థిక సహాయ ఒప్పందం మీదే. అందులో రాసిన అంకె ఏదో అదే ఆఫర్.

ఆ అంకె దగ్గరే చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు. స్వాక్ కాలేజీలు ఆడే ఎఫ్‌సీఎస్ స్థాయిలో (డివిజన్ 1 ఫుట్‌బాల్‌లో రెండో అంచె) ఏళ్ల తరబడి ఉన్న పద్ధతి ఇది: 63 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సరిపడా డబ్బు, దాన్ని 85 మంది దాకా పంచవచ్చు. ఆటగాళ్లు వేసిన దావాలో 2025లో కోర్టు ఒప్పుకున్న హౌస్ సెటిల్‌మెంట్ అనే రాజీలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, టీమ్‌లో 105 మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. చేరనివాటికి పాతదే. ఏ పద్ధతైనా చిన్న కాలేజీ దగ్గర ఉండే డబ్బు ఒక్కసారిగా పెరగదు. ఆ డబ్బులో ముందు వాటా క్వార్టర్‌బ్యాక్‌లకి, లైన్‌మెన్‌కి పోతుంది. కిక్కర్‌కి పూర్తి స్కాలర్‌షిప్ దొరకడం అరుదు. సగమో పావో ఇస్తారు, లేదా 'ప్రిఫర్డ్ వాకాన్' అంటారు. అంటే టీమ్‌లో చోటు ఉంటుంది, డబ్బు ఉండదు. దాన్ని కూడా ఆఫర్ అనే పిలిచే కోచ్‌లున్నారు. మీ అబ్బాయికి వచ్చింది ఇందులో ఏదో మొదటి సంభాషణలోనే అడగండి. మొహమాటపడొద్దు, కోచ్‌లకి ఈ ప్రశ్న రోజూ వినేదే.

మీ కుటుంబానికి ఇంకో మెలిక ఉంది. దీని గురించి మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఈ కాలేజీల్లో చాలామంది పిల్లలు, తక్కువ ఆదాయ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ పెల్ గ్రాంట్ మీద చదువుతారు. అందుకే కోచ్‌లు పావు వంతో, సగమో స్కాలర్‌షిప్ ఇచ్చి 'మిగతాది పెల్‌తో సర్దుకుంటుంది' అంటుంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, వాళ్ల పిల్లలకి అది నిజంగానే సర్దుకుంటుంది. మీ అబ్బాయి హెచ్4 కాబట్టి వాడికి పెల్ రాదు, ఫెడరల్ లోన్లు రావు. కోచ్‌కి మీ వీసా సంగతి తెలియకపోతే ఆయన మనసులో వేసుకున్న లెక్క, మీ బ్యాంకు లెక్క పూర్తిగా వేరు. మొదటి రోజే చెప్పేయండి. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ తీసుకోవడానికి హెచ్4 అడ్డు కాదు. కాలేజీ సొంతంగా మార్కుల మీద ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌లు కూడా ఉంటాయి. 3.8 ఉన్న కుర్రాడికి ఆట కన్నా ఆ దారిలోనే ఎక్కువ డబ్బు రావచ్చు. ఆడే కుర్రాడికి మెరిట్ డబ్బు కూడా ఇస్తే అది ఆట స్కాలర్‌షిప్ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఆ కాలేజీలో ఆటల నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసులో అడగాలి.

ఈ రోజుల్లో ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలతో డబ్బు సంపాదించే ఎన్ఐఎల్ అనేది ఉంది. హెచ్4 మీద పని చేసే అనుమతి లేని పిల్లవాడు దాని జోలికి వెళ్లకూడదు. స్నేహితులంతా షూ కంపెనీ వీడియో చేస్తున్నారని వీడూ చేస్తే వీసాకే ఎసరు. అలాగే 21 ఏళ్లు నిండితే హెచ్4 పోతుంది. ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే మూడో ఏడో, నాలుగో ఏడో చదువు మధ్యలో ఎఫ్1కి మారాల్సి వస్తుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఇప్పుడే ఒకసారి మాట్లాడి పెట్టుకోండి.

ఇక మీ అబ్బాయి చేతిలో ఉన్న పని. హైస్కూల్‌లో ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు, అంటే బంతిని గోల్‌పోస్టుల మధ్య నుంచి పంపేటప్పుడు, బంతి కింద 2 అంగుళాల దాకా ఎత్తుండే దిమ్మ పెట్టుకోవచ్చు. కాలేజీలో అది కుదరదు, బంతిని నేల మీద నుంచే కొట్టాలి. పైగా హైస్కూల్‌లో గోల్‌పోస్టుల మధ్య 23 అడుగుల 4 అంగుళాలు ఉంటే కాలేజీలో 18 అడుగుల 6 అంగుళాలే. అంటే శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌లో స్టేడియమంతా చప్పట్లు కొట్టిన 45 గజాల కిక్, కాలేజీ మైదానంలో పోస్టు పక్క నుంచి బయటికి పోయి ఉండొచ్చు. కోచ్‌లకి ఇది బాగా తెలుసు. అందుకే మ్యాచ్ వీడియోల కన్నా, దిమ్మ లేకుండా, నేల మీద నుంచి వరసగా కొట్టిన ప్రాక్టీస్ వీడియోని ఎక్కువ నమ్ముతారు. మధ్యలో మిస్సయినవి కత్తిరించకుండా, ఒకే షాట్‌గా తీయమనండి. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్ అయితే బంతి గాలిలో ఎన్ని సెకన్లు ఉందో కూడా తెలియాలి. 4 సెకన్లకు దగ్గరగా ఉంటే చూసేవాళ్లు ఆగి చూస్తారు. ఈ శీతాకాలమంతా వాడు చేయాల్సింది ఇదే. మ్యాచ్‌ల్లో వేసిన పాయింట్ల పట్టిక పంపించి లాభం లేదు.

మార్కుల విషయంలో దిగులు లేదు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి చెందిన ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేయించి, 16 కోర్ కోర్సుల్లో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపు పూర్తవుతున్నాయో లేదో స్కూల్ కౌన్సెలర్‌తో సరిచూసుకోండి. ఎస్ఏటీ ఇప్పుడు ఆట అర్హతకు అక్కర్లేదు కానీ మెరిట్ స్కాలర్‌షిప్ కోసం రాయించండి.

కోచ్ మారితే ఏమవుతుందన్నది నా పెద్ద ఆందోళన. 2022 బ్యాచ్‌లో దేశంలోనే నంబర్ వన్‌గా లెక్కించిన ట్రావిస్ హంటర్, ఫ్లోరిడా స్టేట్‌ని కాదని జాక్సన్ స్టేట్‌లో చేరాడు. ఈ కాలేజీల చరిత్రలో అంత పెద్ద రిక్రూట్‌మెంట్ అంతకుముందు లేదు. పిలిచింది కోచ్ డియాన్ శాండర్స్. ఏడాది తిరక్కుండానే శాండర్స్ కొలరాడోకి వెళ్లిపోయారు, హంటరూ వెంట వెళ్లాడు, 2024లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. అంతటి ఆటగాడికి ఎక్కడికెళ్లినా తలుపులు తెరిచే ఉంటాయి. మీ అబ్బాయికి అలా ఉండకపోవచ్చు. కొత్త కోచ్ వస్తే తనకు తెలిసిన కిక్కర్‌ని తెచ్చుకుంటాడు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక అది మరీ సులువైంది. హైస్కూల్ పిల్లవాడి కన్నా రెండేళ్లు కాలేజీలో ఆడి వచ్చిన కుర్రాడినే చాలామంది కోరుకుంటున్నారు. అందుకని స్కాలర్‌షిప్ ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే ఏమవుతుంది, కోచ్ మారితే ఏమవుతుంది అని సంతకానికి ముందే అడగండి. ప్రస్తుతం టీమ్‌లో ఎందరు కిక్కర్లున్నారు, వాళ్లు ఏ ఏడాదిలో ఉన్నారు అన్నది కాలేజీ వెబ్‌సైట్‌లోని టీమ్ జాబితాలో మీరే చూడవచ్చు. అక్కడ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) కిక్కర్ ఉంటే, మరి మా వాడెందుకని నేరుగా అడగండి.

చదువు మాట కోచ్‌ని కాదు, ఇంజనీరింగ్ విభాగాన్ని అడగాలి. కంప్యూటర్ ఇంజనీరింగ్‌కి అబెట్ (ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి. మధ్యాహ్నం ల్యాబులు ప్రాక్టీస్‌తో ఢీకొంటే ఎలా అని అక్కడ చదువుతూ ఆడుతున్న కుర్రాడినే అడిగితే నిజం తెలుస్తుంది. వీలుంటే ఈ ఒక్క కాలేజీతో ఆగకుండా, ఇంకో రెండు చోట్ల నుంచి కూడా కబురు తెప్పించుకోండి. ఫ్లోరిడా ఎ అండ్ ఎం, ఫ్లోరిడా స్టేట్‌తో కలిసి టాలహాసీలో ఇంజనీరింగ్ కాలేజీ నడుపుతోంది, అది స్వాక్‌లోనే ఆడుతుంది. మోర్‌హౌస్‌లో చేరి జార్జియా టెక్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసే రెండు డిగ్రీల దారి ఉంది. అక్కడ ఫుట్‌బాల్ డివిజన్ 2, ఇల్లు దగ్గర.

పదకొండో తరగతి ఏప్రిల్ 1 నుంచి కాలేజీ ఖర్చుతో అఫీషియల్ విజిట్‌కి వెళ్లవచ్చు. మీరిద్దరూ తప్పకుండా వెళ్లండి, వాళ్లమ్మగారు ఇంట్లో ఉండిపోకూడదు. ఒక ఇంజనీరింగ్ క్లాసులో వెనక కూర్చోండి, ల్యాబ్ చూడండి, హాస్టల్ గది చూడండి. మ్యాచ్ ఉన్న రోజు కుదిరితే హాఫ్‌టైమ్‌లో బ్యాండ్ వాయించేటప్పుడు ఎవరూ సీట్లోంచి లేవరు, మీరూ లేవకండి. కోచ్‌తో కూర్చున్నప్పుడు మాత్రం ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి, పెల్ లేకుండా, మీరు నాలుగేళ్లలో జేబులోంచి పెట్టాల్సింది ఎంతో ఆయన ఎదురుగానే కాగితం మీద వేయించండి.