సంతకం పెడితేనే క్షమించినట్టా?

ప్రశ్న: అన్నయ్య వ్యాపారానికని 6 ఏళ్ళ క్రితం నా పొదుపంతా తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు, ఆ మాటే ఎత్తడు. ఇప్పుడు కొత్త అప్పుకు హామీ సంతకం పెట్టమంటున్నాడు. అమ్మ రోజూ ఫోన్ చేసి, ‘నువ్వు అన్నను నిజంగా క్షమిస్తే సంతకం పెడతావు’ అంటోంది. పరలోక ప్రార్థనలో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అనే చోట నా గొంతు ఆగిపోతోంది. 21 రోజులు ఉపవాసముంటే ఈ కోపం పోతుందా?

జవాబు: అమ్మా, ఉపవాసం మాట పక్కన పెట్టండి. కడుపు మాడ్చుకుంటే కోపం పోదు. ఉపవాసముంటూనే కలహమాడేవాళ్ళ సంగతి యెషయా 58లో ఉంది, చదవండి. సంతకం అసలే వద్దు. ఒకరి అప్పుకు పూటపడి, అంటే హామీ ఉండి, చిక్కుకున్నవాణ్ణే వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకొమ్మంటుంది సామెతలు 6. మీరింకా చిక్కుకోలేదు.

ఇక అసలు విషయం. నాలుగు పేజీల ఉత్తరంలో అన్నయ్య అరపేజీలో అయిపోయాడు, మిగతాదంతా అమ్మే. డబ్బు పోయిందని మొదటిసారి చెప్పుకోవడానికి వెళ్ళిన రోజు అమ్మ మీ మాట సగంలో ఆపి, ‘ఇంటి పరువు తీయకు’ అందని రాశారు. మీ గొంతు ఆగిపోతున్నది అక్కడ. అన్నయ్యను క్షమించాలని 6 ఏళ్ళుగా పెనుగులాడుతున్నారు గానీ, అమ్మ కూడా మీకు ఋణస్థురాలేనన్న మాట మీకు మీరే చెప్పుకోలేదు. తల్లి మీద నేరం మోపడం పాపమని భయం. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ వాళ్ళు చేసిన గాయాన్ని లేదనమని చెప్పలేదు.

మత్తయి 18లోని ఉపమానం మళ్ళీ చదవండి. రాజు చేసిన మొదటి పని లెక్క చూడటం. ఒక దాసుడి బాకీ పదివేల తలాంతులని తేలాకే విడిచిపెట్టాడు. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి! ఆ దాసుడికి తోటి దాసుడు బాకీపడ్డ నూరు దేనారాలు దాని ముందు చిన్నవే, కానీ అవీ మూడు నెలల పైచిలుకు కష్టం. ప్రభువు వాటిని సున్నా అనలేదు. మీకు జరిగింది కూడా సున్నా కాదు.

కాబట్టి కాగితం మీద రెండు లెక్కలు విడివిడిగా రాయండి. అన్నయ్య పేరు కింద తీసుకున్న మొత్తం, తప్పిన మాట. అమ్మ పేరు కింద ఆమె అన్న మాటలు, అన్నవి అన్నట్టుగా. ‘అమ్మ ఎప్పుడూ ఇంతే’ అని మాత్రం రాయకండి. ఏమిటో తెలియని బాకీని విడిచిపెట్టలేం. అందుకే రోజూ ‘క్షమించాను ప్రభువా’ అంటున్నా మర్నాడు కోపం అలాగే ఉంటోంది.

తర్వాత అమ్మతో ఒంటరిగా మాట్లాడండి, మత్తయి 18:15 చెప్పినట్టే. ఫోన్‌లో వద్దు, అన్నయ్య ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. డబ్బు తిరిగి రావాలన్న ప్రసక్తి తేకండి, తెస్తే ఆమె వెంటనే కొడుకు తరఫున నిలబడుతుంది. ‘అమ్మా, ఆ రోజు నువ్వు నా మాట పూర్తిగా వినలేదు. డబ్బు పోయినదానికంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సంతకం పెట్టను’ అని చెప్పి ఆగండి. ఆమె ఏడుస్తుంది. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి. ఇన్నాళ్ళూ ఆ కన్నీళ్ళకు జడిసే నోరు కట్టేసుకున్నారు.

క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు. యోసేపు తనను అమ్మేసిన అన్నలపై పగ తీర్చుకోలేదు. కానీ వెండి గిన్నె తమ్ముడు బెన్యామీను గోనెలో పెట్టించి, వాళ్ళు మారారో లేదో చూశాకే తానెవరో చెప్పాడు. అన్నయ్య మీద పగ వదిలేయండి. నమ్మకం ఆయన తిరిగి సంపాదించుకోవాలి.

అమ్మ ఒప్పుకోకపోవచ్చు. ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి’ అన్నాడు పౌలు, మీ చేతిలో ఉన్నది అంతవరకే. కోపం మళ్ళీ వస్తే మీ క్షమాపణ అబద్ధమనుకోకండి. ‘డెబ్బది ఏళ్ల మారులు’, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న లెక్క ఒకే గాయానికి కూడా చెల్లుతుంది. ఈ రాత్రి ముందు 13వ కీర్తన చదవండి, ఆరే వచనాలు, మొదలయ్యేదే ‘ఎన్నాళ్లవరకు’ అన్న మొరతో. తర్వాత పరలోక ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర గొంతు ఆగితే ఆగనివ్వండి. అక్కడ అమ్మ పేరు పైకి చెప్పి, ఆ కాగితంలోని ఒక్క మాటను విడిచిపెట్టి, తర్వాతి వాక్యానికి వెళ్ళండి. రేపు ఇంకొకటి.