రైలు దక్కని ఊరు నికోడెమస్

ప్రశ్న: కాన్సాస్‌లో చదువుతున్న మా అబ్బాయి చూసివచ్చిన నికోడెమస్ అనే ఊళ్లో పదిహేను మంది కూడా లేరట. కారణమేమిటి? (ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్)

జవాబు: నిజమేనమ్మా, 2020 జనగణనలో అక్కడ లెక్కకు వచ్చినవారు 14 మందే. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతీయులు, ప్రధానంగా కెంటకీ నుంచి వలస వచ్చి, 1877లో స్థాపించుకున్న ఊరది. కలప దొరకని ఆ మైదానంలో తొలి చలికాలాన్ని వారు నేలలో తవ్వుకున్న గుంత ఇళ్లలో గడిపారంటే ఆ పట్టుదలకు నమస్కరించాలనిపిస్తుంది. దుకాణాలు, బడి, చర్చిలు వెలసి ఊరు నిలదొక్కుకుంటున్న వేళ, 1888లో రైలుమార్గం సాలమన్ నదికి ఆవలి ఒడ్డున వెళ్లిపోవడంతో వర్తకులు అటే తరలిపోయారు. 1930ల కరవు మిగిలిన రైతులనూ చెదరగొట్టింది. 1996లో జాతీయ చారిత్రక స్థలమైన ఆ ఊరికి, వలస వెళ్లిన కుటుంబాల వారసులు ఏటా జూలై చివర విముక్తి ఉత్సవానికి తిరిగివస్తారు.